బాల్చీ తన్నేశాడని ఎవరితో అనొచ్చు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ. ఇంగ్లీషులో సరదా పలుకుబళ్లు కష్టపడి నేర్చుకున్నాం, తీరా వాడితే ఎదుటివాళ్ల ముఖం మారిపోయింది, లేదా వాళ్లు వాడితే మనకు తిట్టినట్టు వినబడింది, ఎందుకిట్లా అని. అందుకే ఈ వారం వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా. కొన్ని పొడుగ్గా ఉంటాయి, కొన్నిటికి నాలుగు మాటలు చాలు.

ప్రశ్న: మేడం, మాది హనుమకొండ. మడికొండ ఐటీ పార్కులో రెండేళ్ల నుంచి పని చేస్తున్న. మా ప్రాజెక్టు మేనేజర్ అమెరికాలో ఉంటారు. పోయిన నెల వాళ్ల నాన్న చనిపోయారు. గ్రూపులో అందరూ సంతాపం పెడుతుంటే, నేను కొంచెం నేటివ్‌గా ఉంటుందని 'సారీ టు హియర్ దట్ యువర్ ఫాదర్ కిక్డ్ ద బకెట్' అని పెట్టిన. ఒక్కరు కూడా మాట్లాడలేదు. సీనియర్ అన్న ఫోన్ చేసి 'ముందు అది డిలీట్ చెయ్' అన్నాడు. డిక్షనరీలో చూస్తే చనిపోవడం అనే ఉంది. అప్పటినుంచి ఆయనతో కాల్ అంటేనే టెన్షన్. నా తప్పేంది?

జవాబు: బిడ్డా, నీ మనసులో చెడు ఏమీ లేదని ఉత్తరం చదివితేనే తెలుస్తున్నది. కానీ తండ్రి పోయిన మనిషికి ఆ మాట గుచ్చుకుంటుంది, అది కూడా ఒప్పుకోవాలి. డిక్షనరీ నీకు అబద్ధం చెప్పలేదు, అర్థం చెప్పి అక్కడితో ఊరుకుంది, ఆ మాట ఎవరి ముందు అనాలో ఎవరి ముందు అనకూడదో చెప్పలేదు.

ఇదే సంగతి తెలుగులో పెట్టి చూడు. మీ వాడలో పెద్దాయన పోయారు. ఇంటి ముందు షామియానా వేశారు, ప్లాస్టిక్ కుర్చీలు వరుసగా ఉన్నాయి, లోపల నుంచి ఆడవాళ్ల ఏడుపు వినబడుతున్నది. నువ్వు పలకరించడానికి పోయావు. ఆయన కొడుకు ఎదురొచ్చాడు. అతని చెయ్యి పట్టుకుని 'మీ బాపు బాల్చీ తన్నేసిండట గదా' అంటావా? 'టపా కట్టేసిండట గదా' అంటావా? నోరే రాదు. 'ఎట్లయింది అన్నా, మొన్ననే గదా చౌరస్తాల కనబడ్డడు' అంటావు, లేదంటే ఏమీ అనకుండా పక్కన కూర్చుంటావు. మనకు కాలం చేశారు ఉంది, స్వర్గస్థులయ్యారు ఉంది, పోయారు ఉంది, గుటుక్కుమన్నాడు, హరీమన్నాడు కూడా ఉన్నాయి, అన్నిటికీ అర్థం ఒకటే, అయినా ఒకదాని చోట ఇంకొకటి పెడితే తన్నులు తినాల్సి వస్తుంది. ఈ తేడా నీకు బడిలో ఎవరూ చెప్పలేదు, చిన్నప్పటి నుంచి నలుగురిలో తిరిగి పట్టుకున్నావు. ఇంగ్లీషు మాటలకు ఆ నలుగురు నీకు దొరకలేదు, పుస్తకంలో పట్టిక దొరికింది. తప్పు అక్కడ జరిగింది.

ఆ మాట సంగతి కూడా చెప్తా. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన లండన్‌లో ఒక వీధిమాటల నిఘంటువు వేశాడు, కిక్ ద బకెట్ అందులోనే ఉంది, అంటే అప్పటికే అది బజారు మాట. ఆ మాటలో బకెట్ అంటే నీళ్ల బకెట్ కాదని, కోసిన పందిని కాళ్లకు కట్టి తలకిందులుగా వేలాడదీసే కట్టెకు కొన్ని పల్లెల్లో ఆ పేరుండేదని, కొట్టుకునే కాళ్లు ఆ కట్టెకు తగలడం నుంచి మాట పుట్టిందని భాష చరిత్ర చదివినవాళ్లు చెప్పే వివరణ ఒకటుంది. ఆ బొమ్మ ఒకసారి కళ్లముందు పెట్టుకో, నీ మేనేజర్‌కు ఎట్లా అనిపించిందో తెలుస్తుంది.

అట్లని ఆ మాటను పారేయొద్దు. పదేళ్ల మిక్సీ పప్పు రుబ్బుతూ రుబ్బుతూ పొగ వచ్చి ఆగిపోతే ఇంట్లో 'మిక్సీ బాల్చీ తన్నేసింది' అని నవ్వుకుంటాం కదా, అదే నవ్వుతో 'మై ఓల్డ్ ల్యాప్‌టాప్ ఫైనల్లీ కిక్డ్ ద బకెట్' అని నీ టీమ్‌లో హాయిగా అనొచ్చు, ఎవరూ ఏమనుకోరు. నీ గురించి నువ్వు అనుకున్నా పర్వాలేదు. చనిపోయేలోపు చూడాల్సినవి, చేయాల్సినవి రాసుకునే బకెట్ లిస్ట్ అనే మాట దాని నుంచే వచ్చింది. ఇంకొకరి ఇంట్లో చావు దగ్గర మాత్రం వద్దు. అక్కడ 'పాస్డ్ అవే', 'ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్', ఇంతే. అందరూ అనే మాటే కదా, కొత్తదనం ఏముంది అనిపిస్తుంది నీకు. దుఃఖంలో ఉన్నవాళ్లకు కొత్తదనం అక్కర్లేదు బిడ్డా, అందరూ అనే మాటే వాళ్లకు ఆసరా.

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. డిలీట్ చేసి ఊరుకోవద్దు. ఆయనకు విడిగా, గ్రూపులో కాకుండా, ఇట్లా రాయి: 'ఐ యూజ్డ్ ఎ టెరిబుల్ ఫ్రేజ్ వితౌట్ నోయింగ్ హౌ ఇట్ సౌండ్స్. ఐ యామ్ సారీ, అండ్ ఐ యామ్ ట్రూలీ సారీ ఫర్ యువర్ లాస్.' అంతకంటే పొడిగించకు. ఇంగ్లీషు నా మాతృభాష కాదు, నేను తెలుగు మీడియం, అని కథంతా రాస్తే చివరికి ఆయనే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. ఈరోజే పంపు, నెల అయిందని ఆలోచించకు.

ప్రశ్న: కాజీపేటలో ఇంటి నుంచే పని చేస్తున్నా. మీటింగులో నేను ఒక సలహా చెప్తే క్లయింట్ 'దట్స్ ఎ నో బ్రెయినర్' అన్నాడు. మెదడు లేనిదని తిట్టాడా? రెండ్రోజులు అన్నం సయించలేదు.

జవాబు: మెచ్చుకున్నాడమ్మా. ఆలోచించాల్సిన పని కూడా లేదు, అంత తేటగా ఉంది నీ సలహా, అని దాని అర్థం. హాయిగా తిను. అదే మీటింగులో 'బాల్‌పార్క్ ఫిగర్' ఇవ్వమంటే కూడా భయపడకు, అది బేస్‌బాల్ ఆట నుంచి వచ్చిన మాట, మనం అందాజగా ఎంతైతది అని అడుగుతాం చూడు, అదే. ఒక్కటి గుర్తుపెట్టుకో, క్లయింట్ తొందర పెడుతుంటే 'హోల్డ్ యువర్ హార్సెస్' అనకు. జర ఆగవయ్యా అని పెద్దవాళ్లు చిన్నవాళ్లను కసిరినట్టు ఉంటుంది. తోటివాళ్లతో సరదాగా అయితే సరే.

ప్రశ్న: మాది భూపాలపల్లి దగ్గర పల్లె. హనుమకొండలో ఉండి ఐఈఎల్‌టీఎస్‌కు, అదే విదేశాలకు పోయేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్షకు, తయారవుతున్నా. కోచింగులో యాభై ఇడియమ్స్ ఇచ్చి బట్టీ పట్టమన్నారు, బ్యాండ్ (అంటే స్కోరు) పెరుగుతుందట. 2023 వరదల గురించి మాట్లాడుతూ 'ఇట్ వాజ్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అని మొదలుపెట్టిన. బాగుందా?

జవాబు: బాగాలేదు తల్లీ, కారణం చెప్తా.

ఆ జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచ వాగు పొంగి మోరంచపల్లిని ముంచేసింది, జనం ఇళ్ల కప్పుల మీదికి, చెట్ల మీదికి ఎక్కారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది, మనుషులు పోయారు. మీ చుట్టుపక్కల ఊళ్ల సంగతి, నీకు నాకంటే బాగా తెలుసు. అట్లాంటి వాన గురించి చెప్తూ పిల్లులు కుక్కలు కురిశాయి అనే ఆటమాట వేస్తే, వినేవాళ్లకు నువ్వు ఆ రోజును చూసిన మనిషిలా అనిపించవు, పట్టిక చదివిన మనిషిలా అనిపిస్తావు. పైగా ఆ మాట చాలా పాతది, 17వ శతాబ్దం నాటి రాతల్లోనే దాని జాడ ఉంది, ఇప్పుడు ఇంగ్లీషువాళ్ల నోట అరుదు. గడ్డి కప్పుల మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ వానకు జారి పడేవని ఒక కథ చెప్తారు, దానికి ఆధారం లేదు, పరీక్షలో అది చెప్పకు. మామూలు వానకైతే 'ఇట్ వాజ్ పోరింగ్', 'వి గాట్ సోక్డ్' అంటారు. వరదకు అవి కూడా వద్దు. 'బిఫోర్ వి కుడ్ వేక్ ద చిల్డ్రన్, ద వాటర్ వాజ్ ఇన్ ద హౌస్' అని నువ్వు చూసింది చూసినట్టు చెప్పు.

ఇక బ్యాండ్ సంగతి. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. మార్కులు నాలుగు లెక్కల మీద సమానంగా వేస్తారు: ధారాళం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. పలుకుబళ్లు ఆ పదసంపదలో ఒక ముక్క మాత్రమే. పై బ్యాండ్లకు ఇడియమ్స్ కావాలని రాసి ఉన్నమాట నిజమే, కానీ సహజంగా, సరిగ్గా వాడాలనేది ఆ పక్కనే ఉంటుంది, అది నీకు చెప్పినవాళ్లు లేరు. రాత పరీక్షలో టాస్క్ 2 వ్యాసంలో 'కౌచ్ పొటేటో' (సోఫా వదలని సోమరి) లాంటివి రాయొద్దు, అది పెద్దల సభ లాంటిది. జనరల్ ట్రైనింగ్ రకం పరీక్షలో స్నేహితురాలికి రాసే ఉత్తరం వస్తే మాత్రం రాయి, అదే ఉత్తరం ఇంటి ఓనర్‌కు అయితే వద్దు. యాభైలో నలభై అయిదు కొట్టేసి, నీ నోటికి నీ మాటలా వచ్చేవి ఒక అయిదు ఉంచుకో. కష్టం లేకుండా అయిపోయిన పనికి 'పీస్ ఆఫ్ కేక్', ఒంట్లో కాస్త నలతగా ఉంటే 'అండర్ ద వెదర్', రహస్యం బయటపెట్టిన చెల్లెలికి 'షి స్పిల్డ్ ద బీన్స్', ఇట్లాంటివి.

ప్రశ్న: జగిత్యాలలో ఒక బ్యాంకులో పని చేస్తున్నాను. నాకు రావాల్సిన ప్రమోషన్‌కు ఇద్దరు అడ్డుపడుతున్నారు. పెద్ద సారు వచ్చినప్పుడు 'సమ్ పీపుల్ ఆర్ పుల్లింగ్ మై లెగ్' అని మొరపెట్టుకున్నాను. ఆయన నవ్వి 'ఆఫీసన్నాక సరదాలు ఉంటాయి, పట్టించుకోకండి' అని వెళ్లిపోయారు. ఇదేం న్యాయం?

జవాబు: సార్, మీరు తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో చెప్పారు, ఆయన ఇంగ్లీషులోనే విన్నారు. మనకు కాళ్లు పట్టి లాగడమంటే పైకి పోయేవాణ్ని కిందికి గుంజడం. ఇంగ్లీషులో 'పుల్లింగ్ మై లెగ్' అంటే ఆటపట్టించడం, ఉత్తుత్తి మాట చెప్పి నమ్మించడం. మీరు పడుతున్న బాధ ఆయన చెవికి బావామరదళ్ల పరాచికంలా చేరింది. మీరు చెప్పదలచింది 'దే ఆర్ అండర్‌మైనింగ్ మీ'. అసలైతే ఫిర్యాదులో ఏ పలుకుబడీ వద్దు, ఏ తేదీన ఏ కాగితం ఎవరి దగ్గర ఆగిందో రాసి ఇవ్వండి, దాన్ని ఎవరూ సరదా అనుకోలేరు.

అటూ ఇటూ ఒకే అర్థంతో దాటే మాటలు కొన్ని ఉన్నాయి. మొసలి కన్నీరు 'క్రొకడైల్ టియర్స్' అవుతుంది, అగ్నికి ఆజ్యం పోయడం 'యాడింగ్ ఫ్యూయల్ టు ద ఫైర్' అవుతుంది. కానీ మనిషి శరీరంతో చెప్పే మాటల దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగి చూడండి. 'మై స్టమక్ ఈజ్ బర్నింగ్' అంటే ఈర్ష్య అనుకోరు, ఎసిడిటీకి మందు చెప్తారు.

ప్రశ్న: డాలస్‌లో మా బిడ్డ దగ్గరికి పోయినప్పుడు మనుమడి స్కూల్లో నాటకం ఉండె. వాడు స్టేజీ ఎక్కబోతుంటే వాళ్ల టీచరమ్మ 'బ్రేక్ ఎ లెగ్' అన్నది. పిల్లగాని కాలు విరగాలని అంటదా! నేను మాట్లాడకుండ కూసున్న గాని మనసుల పెట్టుకున్న.

జవాబు: మనసులోంచి తీసెయ్యి అక్కా, ఆమె దీవించింది. నాటకాలవాళ్లకు ఒక పట్టింపు ఉంది, మంచి జరగాలని పైకి అంటే చెడు జరుగుతుందని, అందుకని తిరగేసి చెడు మాట అంటారు. మనకు ఇది వింతేం కాదు. పసిపిల్ల ముద్దుగా ఉందని పైకి అనం, బుగ్గ మీద ఇంత కాటుక పెట్టి 'నల్లగున్నది మా పిల్ల' అంటాం, దిష్టి తగలొద్దని. ఆ టీచరమ్మ మీ మనుమడికి కాటుక చుక్క పెట్టిందనుకో. స్టేజీ ఎక్కేవాళ్లకు అనొచ్చు, నాటకం వేసినా, పాట పాడినా సరే. మోకాలి ఆపరేషన్‌కు పోయేవాళ్లతో, బండి మీద దూరం పోయేవాళ్లతో అనకూడదు.

ప్రశ్న: ఇంటర్వ్యూలో 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2024' అంటే విదేశీ మేనేజర్ నవ్వాడు. ఎందుకు?

జవాబు: వాళ్లకది స్పృహ తప్పి పడిపోవడం. 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2024' అను. మన దగ్గర ఇంటర్వ్యూలో పాస్డ్ అవుట్ నడుస్తుంది, దానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ప్రశ్న: మేడం, మాది మంచిర్యాల. ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరి ఆరు నెలలైంది. పరీక్షల్లో మంచి మార్కులే వచ్చాయి కానీ ఇక్కడి ముసలివాళ్ల మాటలు అర్థం కావు. ఒక పెద్దామె 'ఐ నీడ్ టు స్పెండ్ ఎ పెన్నీ, లవ్' అంటే ఏదో కొనుక్కుంటుందేమోనని ఆమె పర్సు తెచ్చి చేతికిచ్చిన. ఆమె ముఖం చూసి పక్కనున్న సిస్టర్ ఉరికొచ్చి బాత్రూమ్‌కు తీసుకుపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఇంకొకామె పొద్దుకు పదిసార్లు 'వెన్ ఐ పాప్ మై క్లాగ్స్' అంటుంది, నవ్వాలా ఊరుకోవాలా తెలియదు. ఇట్లాంటి మాటలు నేను కూడా వాడొచ్చా?

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. ఏడవాల్సిన పని లేదు, నువ్వు పర్సు తెచ్చివ్వడంలో ఆమెకు సాయం చేద్దామనే ఉంది, ఆమెకూ అది తెలిసే ఉంటుంది.

1851లో లండన్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది, అక్కడ డబ్బులిచ్చి వాడుకునే మరుగుదొడ్లు పెట్టారు, రేటు ఒక పెన్నీ. తర్వాత చాలా కాలం అక్కడి పబ్లిక్ టాయిలెట్ల తలుపులకు పెన్నీ వేస్తే తెరుచుకునే తాళాలు ఉండేవి. ఆ అలవాటు నుంచి వచ్చింది ఆ మాట, ముఖ్యంగా పాతతరం ఆడవాళ్లు మర్యాదగా వాడతారు. మన అవ్వలు ఉచ్చ అనే మాట నోట్లోంచి రానీయకుండా 'జర బయటికి పోయొస్త బిడ్డా' అంటారు చూడు, అచ్చం అదే సిగ్గు. అందుకే అది విన్నప్పుడు నవ్వొద్దు, గట్టిగా తిరిగి అడగొద్దు, పక్క మంచం వాళ్లకు వినబడేట్టు 'టాయిలెట్టా?' అనొద్దు. చెయ్యి అందించు, అంతే. ఆ మాటను నువ్వు తిరిగి అనాల్సిన అవసరం కూడా లేదు, 'షల్ ఐ టేక్ యూ టు ద లూ?' అని మెల్లగా అంటే సరిపోతుంది.

అక్కడి ఆసుపత్రి మాటలు ఇంకొన్ని రాసిపెట్టుకో. 'పూర్లీ' అంటే పేదరికం కాదు, ఒంట్లో బాగాలేదని. 'షి ఈజ్ వెరీ పూర్లీ' అని తోటి సిస్టర్ అంటే పరిస్థితి సీరియస్‌గా ఉందని, పరుగెత్తాలి. 'ఫుల్ ఆఫ్ బీన్స్' అంటే మనిషి హుషారుగా ఉన్నాడని, చిక్కుడుకాయలు తిన్నాడని కాదు. 'అండర్ ద వెదర్' చిన్న నలతకే, పెద్ద జబ్బు ఉన్నవాళ్ల బంధువులతో ఆ మాట అంటే తేలిగ్గా తీసుకున్నట్టు ఉంటుంది. మిషన్ ఎట్లా వాడాలో చూపించి చివర 'అండ్ బాబ్స్ యువర్ అంకుల్' అంటే బాబ్ ఎవరని వెతకకు, ఇగ పనైపోయినట్టే అని అర్థం. 1887లో రాబర్ట్ అనే ప్రధానమంత్రి తన మేనల్లుడు బాల్ఫర్‌కు పెద్ద పదవి ఇచ్చాడని, మామ ఉంటే పని సులువని ఆ మాట పుట్టిందని కథ చెప్తారు, ఆ పదవి సంగతి నిజమే కానీ మాట మాత్రం ఎన్నో ఏళ్ల తర్వాత గానీ అచ్చులో కనబడదు, కాబట్టి కథను కథగానే ఉంచు. తోటి సిబ్బందితో నువ్వు కూడా అనొచ్చు. అమెరికావాళ్లతో అనకు, చాలామందికి తెలియదు.

వాళ్లు నిన్ను 'లవ్' అంటున్నారని నువ్వు కూడా తిరిగి అనొచ్చా అని అనుమానం వస్తుంది. ఇక్కడ అవ్వ నిన్ను బిడ్డా అంటే నువ్వు ఆమెను బిడ్డా అంటావా? అవ్వా అంటావు. అక్కడ మొదటి రోజే 'వాట్ వుడ్ యూ లైక్ మీ టు కాల్ యూ?' అని అడుగు, వాళ్లు చెప్పిన పేరుతో పిలువు.

ఇక క్లాగ్స్ సంగతి. క్లాగ్స్ అంటే చెక్క అడుగుల బూట్లు, ఉత్తర ఇంగ్లండ్ బట్టల మిల్లుల్లో పనిచేసేవాళ్లు వేసుకునేవారు, మన వరంగల్ ఆజంజాహి మిల్లు కార్మికుల్లాంటి వాళ్లన్నమాట. పాప్ చేయడమంటే తాకట్టు పెట్టడమని ఒక వివరణ, ఇక నడిచే పని లేదు కాబట్టి బూట్లు కుదవ పెట్టేసింది అని. 'వెన్ ఐ పాప్ మై క్లాగ్స్' అంటే 'నేను పోయినంక' అని. ఆమె తన చావు గురించి తానే నవ్వుతున్నది, ఆ నవ్వు ఆమె సొంతం. 'యెస్, వెన్ యూ పాప్ యువర్ క్లాగ్స్' అని నువ్వు తిరిగి అనకూడదు, రేపు ఆమె పోతే వాళ్ల కొడుకుతో ఫోనులో అసలే అనకూడదు. అట్లని ముఖం చిన్నబుచ్చుకుని అటు తిరగొద్దు. మన ఇళ్లల్లో ముసలవ్వ 'కాడు రమ్మంటున్నది, ఊరు పొమ్మంటున్నది' అంటే మనం ఏం చేస్తాం? 'ఊకో అవ్వా, మనుమరాలి పెండ్లి చూసినంకనే' అని దుప్పటి సర్దుతాం. ఆ పెద్దామె కూడా ఆ జవాబు కోసమే పదిసార్లు అంటున్నది. ఈసారి అన్నప్పుడు దిండు సరిచేస్తూ, నవ్వుతూ, 'నాట్ ఆన్ మై షిఫ్ట్!' అను. ఆమె ఏమన్నదో నాకు మళ్లీ ఉత్తరం రాయి.